ఆల్బినస్ పేరిట వచ్చిన పెట్టె

ఆరావా, బూగన్‌విల్
ఫిబ్రవరి 2000

ఒసేయ్ పెర్పే,

మొన్న సంతలో నిన్ను చూశాను. నువ్వూ నన్ను చూశావు. చూసి, చిలగడదుంపల బుట్ట సర్దుకుంటున్నట్టు అటు తిరిగావు. నేనూ చేపలమ్మే వైపు తిరిగాను. తప్పదు కదా. మా వంశం వాడు మీ వంశం వాణ్ణి చంపాక, రెండు వైపులవాళ్ళూ ఒకే వక్క కొరికి పంచుకునేదాకా మనం ఎదురుపడకూడదు, మాట్లాడకూడదు, ఒకరి చేతి తిండి ఒకరు తినకూడదు. నాకు తెలియనిదా? తెలిసి కూడా నీ వీపు వైపే చూస్తూ నిలబడిపోయాను. బాగా చిక్కిపోయావే. నీ మెడ ఎముకలు అక్కడి నుంచే కనిపించాయి.

ఉత్తరం రాయొచ్చా అని మా మేనమామను అడగలేదు. అడిగితే వద్దంటాడు. కానీ నేను బాగా ఆలోచించాను. ఎదురుపడొద్దని పెద్దలు చెప్పారు, మాట్లాడొద్దని చెప్పారు. ఉత్తరం రాయొద్దని ఎవరూ చెప్పలేదు. వాళ్ళకు రాతే తెలియదు కదా. అందుకని నర్సు సిస్టర్ ఇమ్మాకులాటా చేతికి ఇస్తున్నాను. ఆవిడ జర్మనీ మనిషి. మీ గద్ద వంశమూ కాదు, మా పావురం వంశమూ కాదు. ఆవిడ మందుల పెట్టెకు అడ్డుచెప్పేవాడు ఈ దీవిలో లేడు.

నాకు ఉద్యోగం దొరికింది. ఇక్కడ విదేశీయులు పెట్టిన శాంతి ఆఫీసులో దుబాసీని. మిషన్ సిస్టర్ల బడిలో నువ్వు నా లెక్కలు చేసేదానివి, నేను నీ ఇంగ్లీషు వ్యాసాలు రాసేదాన్ని గుర్తుందా? ఆ ఇంగ్లీషే ఇప్పుడు కూడు పెడుతోంది. ఆఫీసు వాళ్ళ జాబితాలో మన రెండు వంశాల పేర్లు కూడా ఉన్నాయి. మనకు రాజీ చేయిస్తారట. ఆ మాట వినగానే నాకు ముందుగా గుర్తొచ్చింది యుద్ధం కాదు, చనిపోయినవాళ్ళూ కాదు. నువ్వూ నేనూ మళ్ళీ ఒక చాప మీద కూర్చోవడం. ఇది తప్పేనేమో. తప్పైతే తిట్టు. నీ తిట్టు విని చాలా కాలమైంది.

నీ
లియోంతీనా


కొవోరా, కొండ మీద
మార్చి 2000

లియోనీ,

నేను చిక్కిపోయానా? నువ్వేమో శాంతి ఆఫీసు డబ్బా చేపలు తిని గుమ్మడికాయలా తయారయ్యావు. చేపలమ్మే వైపు తిరిగినప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాన్లే. సంతలో సగం మందిని అడ్డేశావు.

పోయిన వారం మీ ఆఫీసు నుంచి ఒక తెల్లపిల్ల కొండెక్కి వచ్చింది. ఎండకు ముక్కు మీద తోలు ఊడుతోంది పాపం. అమ్మను కూర్చోబెట్టి, కొడుకు పోయిన దుఃఖానికి ఒకటి నుంచి పది దాకా ఒక అంకె చెప్పమంది. అమ్మ చాలాసేపు ఆలోచించి మూడు అంది. ఆ పిల్ల సంతోషంగా రాసుకుని వెళ్ళిపోయింది. తర్వాత నేను అమ్మ మీద పడ్డాను. అమ్మ ఏమందో తెలుసా? "పది అంటే ఏడ్చేట్టుందే అది. దాన్ని ఓదార్చడానికి ఇక్కడ వాళ్ళమ్మ కూడా లేదు" అంది.

తమ్ముడు ఆల్బినస్ వెళ్ళిన రోజు నుంచి అమ్మ చేమదుంప ముట్టలేదు. వాడు మట్టిలో పడుకునేదాకా మట్టిలోంచి వచ్చిన మంచి దుంప నాకొద్దు అంది. అందరం చేమదుంప తింటుంటే తను ముదిరిన చిలగడదుంప నమిలి లేచిపోతుంది. ముందు కోపమొచ్చేది నాకు. ఇప్పుడు నేనూ మానేశాను, అందుకే ఈ మెడ ఎముకలు.

లియోనీ, ఒక్క మాట అడుగుతాను. వాణ్ణి చంపింది మీ అన్న సెవెరినస్ అని అందరికీ తెలుసు. ఎక్కడ పెట్టారో మాత్రం ఎవరూ చెప్పలేదు. నది మొగలో అన్నారు, మిషన్ తోటలో అన్నారు. నీకేమైనా తెలుసా? తెలిస్తే నాకు చెప్పక్కర్లేదు, మీ మేనమామకు చెప్పు, ఆయన మా మేనమామకు చెప్తాడు. అలాగే రావాలి ఆ మాట. మా కెపిరి మామ అంటాడు కదా, ముందు రెండు కడుపులూ చల్లబడాలి, అంటే ఎదురెదురుగా కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కి తిట్టుకోవాలి, తిట్లు అయిపోయాక వక్క, వక్క తర్వాత పంది, అన్నిటికన్నా చివర ఎముకలు. ఏడాది పట్టినా, మూడేళ్ళు పట్టినా అదే వరస. అమ్మకు మూడేళ్ళు ఉన్నాయో లేదో నాకు తెలియదు. మాకు వాడి ఎముకలు చాలు. ఇంకేమీ అడగం.

పెర్పెతువా


ఆరావా
ఏప్రిల్ 2000

పెర్పే,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. గుమ్మడికాయ దగ్గర నవ్వాను. మీ అమ్మ మూడు అన్న దగ్గర ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాను. ఆ ముక్కు పిల్లే వచ్చి నీళ్ళిచ్చింది.

ఇక్కడి సంగతి చెప్తాను. మా ఆఫీసు పెద్ద డంకన్ దొర మన రాజీ జూన్‌లో పెడదామంటున్నాడు. వాళ్ళ దేశంలో జూన్ ఆఖరుకి డబ్బు సంవత్సరం అయిపోతుందట, ఈలోపు ఖర్చు కాకపోతే వెనక్కి పోతుందట. ఏడాదో రెండేళ్ళో పడుతుందండీ, కడుపులు చల్లబడాలి అని నేను చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, గోడ మీద అంటించిన కాగితంలో "కడుపులు: మే" అని రాశాడు. మంచివాడే పెర్పే. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుని హాయిగా ఉందును.

మా పెద్దలతో మీటింగ్ పెట్టాడు. హెలికాప్టర్‌లో దిగాడు. ఆ చప్పుడుకి మా ముసలివాళ్ళు ఇప్పటికీ ఇంటి కిందికి దూరతారు. మా మేనమామ మొహం మీదే అడిగేశాడు, యుద్ధంలో సైన్యం మా మీద కాల్చిన హెలికాప్టర్లు కూడా మీ దేశం ఇచ్చినవే కదా అని. దుబాసీని కదా, తర్జుమా చేయక తప్పదు. అది వేరే శాఖ అన్నాడు దొర. మా మేనమామ నా వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు. "చెప్పమ్మా ఆయనకి. మా వంశంలో శాఖలుండవు. మా పిల్లోడు చేసింది మేమందరం మోస్తున్నాం అని చెప్పు." చెప్పాను. దొర అది కూడా రాసుకున్నాడు.

మీటింగ్ ఆఖరున దొర అడిగాడు, ఆ కుటుంబానికి ఎముకలు అప్పగించగలరా అని. అప్పగిస్తేనే అది పూర్తి రాజీ అని వాళ్ళ పైవాళ్ళు నమ్ముతారట. మా పెద్దలు చాలాసేపు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత సరే అన్నారు.

నువ్వు అడిగినదానికి జవాబు రాయలేదని అనుకుంటావు. ఆ సంగతులు మగవాళ్ళవి పెర్పే. సెవెరినస్ ఉత్తరాన బూకాలో కొబ్బరి ఎండబెట్టే చోట పనిచేస్తున్నాడు. యుద్ధం తర్వాత ఈ గడప తొక్కలేదు. నువ్వు నీ తమ్ముణ్ణి చూసి ఎంత కాలమైందో, నేను వాణ్ణి చూసీ అంతే కాలమైంది. అలా పోల్చకూడదు, క్షమించు. మా వాడు బతికున్నాడు.

లియోనీ


కొవోరా
మే 2000

లియోనీ,

మా ఇంట్లో యుద్ధం మళ్ళీ మొదలైంది. కెపిరి మామ ఒప్పుకోనంటున్నాడు. తిట్టుకోకుండా చేతులు కలపడం ఏమిటి, చీము ఉన్న పుండు మీద ఆకు కట్టినట్టు అంటాడు. ఇంతకుముందు జర్మన్‌వాళ్ళొచ్చి మా పెద్దలకు టోపీలిచ్చారు, ఆ తర్వాతి దొరలూ టోపీలిచ్చారు, గని తవ్వినవాళ్ళూ టోపీలిచ్చారు, ఇప్పుడు శాంతి టోపీలొచ్చాయి, ఈ తెల్లవాళ్ళకు మా తలల మీద ఇంత ప్రేమ ఏమిటి అని అరిచాడు. అరిచినాయన ఆ శాంతి టోపీ పెట్టుకునే అరిచాడు. ఎండగా ఉంది మరి.

కానీ ఎముకల మాట వినగానే అమ్మ లేచి నిలబడింది. "వరస తప్పితే తప్పనీ తమ్ముడూ. వాణ్ణి తెచ్చిపెట్టనీ. నేను ముసలైపోతున్నాను, వాడేమో ఇంకా బయటే ఉన్నాడు" అంది. మేనమామ ఎంతటివాడైనా అక్క మాట దాటలేడు. నేల ఆడవాళ్ళది. ఆ నేలలో ఎవరు పడుకోవాలో చెప్పేదీ ఆడవాళ్ళే.

మర్నాటి నుంచి అమ్మ తోట చివర, అమ్మమ్మ సమాధి పక్కన, చోటు చదును చేస్తోంది. నన్ను గడ్డి పీకనివ్వదు. రాళ్ళేరుతూ ఏదో మాట్లాడుకుంటుంది. ఒకసారి దగ్గరికి వెళ్ళి విన్నాను. ఆల్బినస్‌ను తిడుతోంది. చెప్పులు వేసుకెళ్ళమంటే విన్నావా అంటోంది. సముద్రం దారులన్నీ సైన్యం మూసేసిన రోజుల్లో వాడు సొలొమన్ దీవులకు మందుల కోసం పడవెక్కింది అమ్మ జ్వరానికేనని నీకు తెలుసు కదా. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తదు. చెప్పుల గురించే తిడుతుంది.

జూన్‌లో నువ్వూ ఉంటావు కదా? మధ్యలో వక్క పెడతారు కదా? పెట్టాక నేను నీ దగ్గరికి నడిచి వస్తాను. ఏం మాట్లాడాలో ఇప్పటినుంచే అనుకుంటున్నాను, అన్నీ చెత్త మాటలే వస్తున్నాయి. వాణ్ణి తెచ్చుకుంటున్నామన్న దిగులూ, నిన్ను చూస్తానన్న ఆశా రెండూ ఒకేచోట నొప్పి పెడుతున్నాయి. ఏది ఎక్కువో మీ ముక్కు పిల్ల అడిగితే అంకె చెప్పలేను.

పెర్పే


కొవోరా
జూన్ ఆఖరు, 2000

లియోనీ,

బడి మైదానంలో నిన్ను చూశాను. మైకు పట్టుకుని పందిరి కింద నిలబడ్డావు. అంత దగ్గర్లో నీ గొంతు విని లేచి నిలబడ్డాను. కానీ నువ్వొక్కసారి కూడా నా వైపు చూడలేదు. ఎందుకు?

వక్క పెట్టలేదు. బుట్టలో తెచ్చి పెట్టుకుని రెండువైపులా మేనమామలు కూర్చున్నారు. మీ మామ లేచి మాట్లాడటం మొదలుపెట్టాడు, పూర్వీకుల పేర్లు చెప్తున్నాడు, ఇంకా నాలుగో పేరు దగ్గరే ఉన్నాడు, మీ ఆఫీసు ఎర్రచొక్కా అమ్మాయి ఒకతె వచ్చి గడియారం చూపించింది. మబ్బు పడుతోంది, హెలికాప్టర్ లేవాలి అంది. మీ మామ నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. ఆ వయసు మనిషిని మాట మధ్యలో ఎవరైనా కూర్చోబెడతారా? తర్వాత అన్నీ గబగబా అయిపోయాయి. చేతులు కలిపించారు, ఫోటో తీశారు, ఎముకల పెట్టె అమ్మ ఒళ్ళో పెట్టారు. పందులు కట్టేసినవి కట్టేసినట్టే ఉన్నాయి.

అందుకని నువ్వూ నేనూ ఇంకా ఎదురుపడకూడదు. ఏమీ మారలేదు. ఎదురుగా ఉండి వెళ్ళిపోయాం.

అయినా నేను ఫిర్యాదు చేయను. పెట్టె వచ్చింది. ట్రక్కులో అమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, గుంతల దగ్గర రెండు చేతులతో పొదివి పట్టుకుంది. ఇంటికొచ్చాక తలుపు వేసుకుని ఎముకలు తనొక్కతే కడిగింది, అది తల్లి పని. మర్నాడు అమ్మమ్మ పక్కన పెట్టాం. ఆ సాయంత్రం చేమదుంప ఉడకబెట్టమంది. ఆకులో ఒకటి సమాధి దగ్గర పెట్టి, ఒకటి తను తింది. లియోనీ, మా అమ్మ చేమదుంప తింది. నేను పొయ్యి దగ్గర కూర్చుని భోరున ఏడ్చాను.

మీవాళ్ళకు నా దండాలు చెప్పు. దండాలు చెప్పకూడదని కూడా కట్టుబాటు ఉందేమో, ఉంటే చెప్పకు.

నీ
పెర్పే


ఆరావా
జూలై 2000

పెర్పే,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. మీ అమ్మ పక్కన ఉంటే బయటికి వెళ్ళి చదువు.

ఆ పెట్టెలో ఉన్నది ఆల్బినస్ కాదు.

ఆ సంగతి మైదానంలో నాకు తెలియదు, అక్కడ నీ వైపు చూడకపోవడానికి కారణం వేరు. వాడి ఎముకలు ఎక్కడా లేవని నాకు మొదటినుంచీ తెలుసు. సెవెరినస్ బూకా వెళ్ళేముందు నాకొక్కదానికే చెప్పాడు. నీళ్ళలో జరిగింది అది. సెవెరినస్ సైన్యం వాళ్ళ పడవలో ఉన్నాడు, ఆల్బినస్ మందుల కోసం వెళ్ళే పడవలో. పగడపు దిబ్బ దాటాక. వాణ్ణి సముద్రంలోనే వదిలేశారు. నువ్వు మార్చిలో అడిగినప్పుడే రాయాలి. ఎముకలు చాలు, ఇంకేమీ అడగం అని రాశావు. ఆ మాట చదివాక, అవి లేవని రాయలేకపోయాను. మా పెద్దలు సరే అన్నప్పుడు, వీళ్ళకేదో తెలుసేమో, అల ఒడ్డుకు చేర్చిందేమో, సెవెరినస్‌కు తెలియకుండా ఎవరో పూడ్చారేమో అనుకున్నాను. అనుకోవాలనిపించి అనుకున్నాను.

మైదానం నుంచి వచ్చాక మామను అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. పెట్టెలో ఉన్నది మా తవోరా తాత. మా అమ్మమ్మకు అన్న, జపాన్‌వాళ్ళ కాలంలో పోయిన మా వంశ పెద్ద. మిషన్ శ్మశానంలోంచి మావాళ్ళే తీశారు. మోసం చేద్దామని కాదు పెర్పే. దొర ఎముకలు అడిగాడు, వాళ్ళ పిల్లాడివి మన దగ్గర లేవు, మరి చేతులూపుకుంటూ ఎలా వెళ్తాం అని కూర్చుని ఆలోచించారట. ఒకరి కొడుకును తీసుకున్నాం, మాలో అందరికంటే పెద్దవాణ్ణి ఇద్దాం అనుకున్నారట. "మీవాణ్ణి సముద్రం తీసుకుంది, బదులుగా మా తాతను మీ నేలకు ఇస్తున్నాం, ఉంచుకుంటారో తిప్పి పంపుతారో మీ ఇష్టం" అని వక్క దగ్గర చెప్పాలనుకున్నాడు మామ. నాలుగో పేరు దగ్గర కూర్చోబెట్టారు కదా. ఆ పేర్ల తర్వాత వచ్చేది ఆ మాటే. చెప్పకుండానే పెట్టె చేతులు మారిపోయింది. పందిరికి కట్టిన పెద్ద గుడ్డ మీద ఆల్బినస్ పేరు రాసి ఉంది. అది మావాళ్ళు చదవలేరు. నేను చదవగలను, కానీ నాకు పెట్టె సంగతి తెలియదు.

మామ మంచం పట్టాడు. తాతను అక్కడ దింపేసి, చెప్పాల్సిన మాట మింగినవాణ్ణయ్యానని అంటున్నాడు. మావాళ్ళలో కొందరు కుర్రాళ్ళు ఇంకోమాట అంటున్నారు. మన పెద్దాయన పడుకున్న నేల మనది కూడా కదా అని. నేల కోసం, గని కోసం ఇంతమంది చచ్చాక కూడా. ఆ మాట మీ చెవిన వేరే ఎవరి నోటినుంచో పడకముందే నేను చెప్పాలనుకున్నాను.

మీ అమ్మ చేమదుంప తిందని రాశావు. అది చదివాక నాకు అన్నం సహించడం లేదు.

లియోంతీనా


కొవోరా
జూలై 2000

లియోంతీనా గారికి,

ఉత్తరం అందింది. ఇక మీరు రాయవద్దు.

పెర్పెతువా


ఆరావా
ఆగస్టు 2000

పెర్పే,

వద్దన్నావు, రాస్తున్నాను. మీరు అన్నావు చూడు, కొట్టినా బాగుండేది.

డంకన్ దొరకు అంతా చెప్పాను. తెల్లటి మనిషి ఇంకా తెల్లబడ్డాడు. తల పట్టుకుని కూర్చున్నాడు. నిజంగా బాధపడ్డాడు, అది నేను చూశాను. ఆ తర్వాత నివేదిక అప్పుడే వెళ్ళిపోయిందన్నాడు. అందులో మన రాజీ పూర్తయినట్టు ఉందట. కావాలంటే తన దేశం నుంచి ఎముకలు పరీక్షించేవాళ్ళను పిలిపిస్తానన్నాడు, తాతను తవ్వి తీసి అక్కడికి పంపి ఎవరో తేలుస్తారట. ఎవరో మాకు తెలుసండీ, తెలియనిది మీకే అన్నాను. మొదటిసారి ఆయన మీద గొంతు పెంచాను. మరి నేనేం చేయాలి అని అడిగాడు. మీరు ఏమీ చేయకుండా కొన్నాళ్ళు ఊరుకోగలరా అన్నాను. అది ఆయనకు చాలా కష్టమైన పనిలా కనిపించింది. సరే, ఊరుకుంటానన్నాడు.

నువ్వు జవాబు రాయక్కర్లేదు. బడిలో నువ్వు అలిగినప్పుడు నీ మంచం కింద చెరకు ముక్క పెట్టి వెళ్ళేదాన్ని. ఇప్పుడు పెట్టడానికి నా దగ్గర ఏదీ లేదు. ప్రతి శనివారం సంతకు వెళ్తున్నాను. నువ్వు రావడం మానేశావు. మీ ఊరి దుంపలు వేరే ఎవరో అమ్ముతున్నారు. వాటినే చూసి వస్తున్నాను.

లియోనీ


కొవోరా
సెప్టెంబర్ 2000

లియోనీ,

కోపం తగ్గలేదు. తగ్గిందని ఈ ఉత్తరం రాయడం లేదు. అమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను.

నీ జూలై ఉత్తరం నేను చూరులో దాచాను. అమ్మకు ఎలా చెప్పాలో తెలియక రెండు నెలలు నమిలాను. ఆమె రోజూ సమాధి దగ్గరికి వెళ్ళి కబుర్లు చెప్పి వస్తోంది, నేను పొయ్యి దగ్గర చస్తున్నాను. నిన్న ఇక పట్టలేక చెప్పేశాను. అమ్మా, అది తమ్ముడు కాదే అన్నాను.

"తెలుసు" అంది.

కడిగిన రోజే తెలిసిందట. పళ్ళు చూసిందట. పందొమ్మిదేళ్ళవాడి పళ్ళు అలా అరిగి, వక్క పట్టి నల్లబడి ఉంటాయా అంది. నేను కన్నదాన్ని, వాడి దవడ నాకు తెలియదా అంది. మరి చేమదుంప ఎందుకు తిన్నావే అని అరిచాను. ఎవరో తల్లి కన్న బిడ్డ ఇంటికొచ్చాడు, పైగా పెద్దవాడు, అతిథికి పెట్టి నేను తినకుండా కూర్చుంటే మర్యాదేనా అంది. లియోనీ, మా అమ్మను ఏం చేయాలో చెప్పు. ఈ మూడు నెలలూ కెపిరి మామకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాక్కూడా! ఎందుకంటే, మీవాళ్ళలో ఎవరో ఒకరు వచ్చి చెప్తారా లేదా అని చూస్తోందట. నీ ఉత్తరం పూర్తిగా చదివించుకుని వింది. మీ మామ మింగిన మాట దగ్గర ఆపి, మళ్ళీ చదవమంది.

కెపిరి మామ మాత్రం పడీ పడీ నవ్వాడు. పావురాల పెద్దాయన మన తోటలో పడుకున్నాడు, ఇప్పుడెక్కడికి పోతారు, పండగకీ పబ్బానికీ మన గడప తొక్కాల్సిందే అన్నాడు. నేల మాటెత్తే మీ కుర్రాళ్ళకు ఆయన ఒక మాట పంపాడు. పడుకోవడానికి చోటిచ్చింది మా అక్క, అడిగితే లేపి కూడా పంపుతుంది, నోరు జాగ్రత్త అన్నాడు.

ఇప్పుడు అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. తవోరా తాత ఇక్కడ ఉన్నంతకాలం, ఆయనను చూడటానికి ఆయన వంశంవాళ్ళు రావచ్చు, దారికి అడ్డులేదు. మీ మామను లేచి రమ్మంది. ఆ పేర్లు మొదటినుంచీ చెప్పమంది, ఎన్ని రోజులు పట్టినా కూర్చుని వింటుందట. మేమూ తిట్టాల్సినవి తిడతాం. వక్క మా చెట్టుదే. ఆఫీసువాళ్ళు ఎవరూ వద్దు. ముక్కు పిల్ల రావాలనుకుంటే రావచ్చు, రాసుకోకూడదు.

ఇంకొకటి. సెవెరినస్‌ను తీసుకురమ్మంది. కొట్టనని నాకు మాటిచ్చింది, మామ చేత కూడా ఇప్పించింది. పడవ మీద తీసుకెళ్ళి ఆ చోటు చూపించాలి. ఇంకేం వద్దు, వాడు చెయ్యెత్తి ఇక్కడ అని చూపిస్తే అటు చూస్తాను అంది. ఇన్నేళ్ళూ ఎటు తిరిగి ఏడవాలో తెలియలేదట.

పెర్పెతువా


ఆరావా
అక్టోబర్ 2000

పెర్పే,

బూకా వెళ్ళి వచ్చాను. సెలవు అడిగితే దొర ఎందుకని అడగలేదు, ఇచ్చాడు. నేర్చుకుంటున్నాడు.

సెవెరినస్ నన్ను గుర్తుపట్టలేదు. నేను వాణ్ణి గుర్తుపట్టాను కానీ పట్టనట్టు ఉంటే బాగుండుననిపించింది. జుట్టంతా తెల్లబడింది. కొబ్బరి పొగలో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మీ అమ్మ మాట చెప్పాను. ముందు రానన్నాడు. కొడతారని భయమా అంటే, కొట్టరని చెప్పావుగా, అదే భయం అన్నాడు. బడి సెలవుల్లో నీతో ఆల్బినస్ మా ఇంటికి వచ్చినప్పుడు వల విసరడం వీడే నేర్పాడు కదా. ఆల్బినస్ తనను ఆ పడవలోంచి గుర్తుపట్టాడట. పేరు పెట్టి పిలిచాడట. పిలిచాక కూడా.

ఇంతకంటే నేను రాయలేను.

మూడో రోజున, నేను పడవెక్కబోతుంటే పరుగున వచ్చి, తనూ వస్తానన్నాడు. మామ కూడా మంచం దిగాడు, పేర్లన్నీ నెమరువేసుకుంటున్నాడు. నవంబర్ మొదటి వారంలో మీ నది మొగ దగ్గరికి వస్తాం. సెవెరినస్ పడవ దిగడు, మీరు పిలిస్తేనే దిగుతాడు.

వాడు ఒక మాట అడగమన్నాడు. ఆల్బినస్ ఆఖరున ఏదో అన్నాడట. వాళ్ళమ్మకు చెప్పమన్నాడట. అది వీడు ఇన్నేళ్ళూ మోసుకు తిరుగుతున్నాడు. నాకు కూడా చెప్పలేదు, అది నీకు కాదు అన్నాడు. చంపినవాడి నోటినుంచి ఆ మాట వినడం ఆమెకు ఇష్టమో కాదో కనుక్కోమన్నాడు. ఇష్టం లేకపోతే నాకు చెప్తాడట, నేను నీకు చెప్పాలట, నువ్వు ఆమెకు చెప్పాలట. దుబాసీ పని నాకు అలవాటే. కానీ ఈ ఒక్క మాటా నా నోటిమీదుగా వెళ్ళకూడదని దేవుణ్ణి వేడుకుంటున్నాను.

నీ
లియోనీ


కొవోరా
అక్టోబర్ ఆఖరు, 2000

లియోనీ,

నీ ఉత్తరం పొద్దున అమ్మకు చదివాను. వాడు పేరు పెట్టి పిలిచాడన్న దగ్గర ఉత్తరం మడిచేయబోయాను. అమ్మ బుట్ట అల్లడం ఆపలేదు, చదువు అంది. చదివాను. ఆఖరికి వచ్చేసరికి బుట్ట పక్కన పెట్టింది. ఆ మాటేమిటో అందులో రాసి ఉందా అని అడిగింది. లేదన్నాను. మంచిది అంది.

కెపిరి మామ వచ్చాడు, పడవకు మనిషిని మాట్లాడానన్నాడు, పందుల లెక్క చెప్పాడు, ఆమె వినలేదు. నేను భయపడ్డాను. వద్దంటుందేమో, నా చేతే చెప్పిస్తుందేమో అని. ఆ మాట మోయడానికి నాకు బలం లేదు లియోనీ.

నువ్వు ముందు దిగు. మామలు వక్క కొరికేదాకా నేను కదలను. కొరికిన క్షణం పరుగెత్తుకొస్తాను, నవ్వినవాళ్ళు నవ్వుతారు. నీకు చెప్పడానికి అనుకున్న చెత్త మాటలన్నీ అలాగే ఉన్నాయి.

మీ అన్నకు చెప్పు. పొద్దు వాలుతుండగా అమ్మ నన్ను పిలిచి, ఈ జవాబు రాయమంది. ఇదే ఆమె మాట:

"వాణ్ణి పడవ దిగమను. ఎండలో నిలబెట్టకండి. నా పక్కనే కూర్చోమను. ఎడమ చెవి నాకు వినపడదు, కుడి పక్కన కూర్చోమను."

పెర్పే